పాతబడిన బౌలింగ్ కేంద్రంలో యంత్రాలు మార్చాలంటే: ముందు ఏది, తర్వాత ఏది

చిన్న ఊళ్లో ఎనిమిదో పన్నెండో లేన్లు (బంతి దొర్లించే దారులు) ఉన్న బౌలింగ్ కేంద్రం మీ చేతిలో ఉందంటే, బంతి పడగొట్టిన పిన్నులను వెనక తిరిగి నిలబెట్టే యంత్రాలు వయసులో మీకంటే పెద్దవై ఉండవచ్చు. ఏఎంఎఫ్ కంపెనీ 82-70, బ్రన్స్‌విక్ కంపెనీ ఏ-2 లాంటి 1960ల నాటి పిన్‌సెట్టర్లు ఇప్పటికీ ఎన్నో కేంద్రాల్లో రోజూ పని చేస్తున్నాయి. వాటిని తయారు చేసినవాళ్లు ఎంత గట్టిగా చేశారో దీన్నిబట్టే తెలుస్తుంది. అయినా బెల్టు బెల్టే, స్ప్రింగు స్ప్రింగే. ఏదో ఒక సాయంత్రం లేన్లన్నీ నిండి ఉన్న వేళ మూడు యంత్రాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక మీరు అన్నీ మార్చేయాలని తీర్మానించుకుంటారు.

తీర్మానం మంచిదే, మర్నాడు పొద్దున్నే ఎవరికో ఫోను చేసి బయానా ఇచ్చేయకండి. అమ్మేవాళ్లు మొదట చూపించేది పెద్ద తెరలు, రంగుల దీపాలు. అవి నిజంగానే బాగుంటాయి. కానీ లేన్ వంకర పోయి, యంత్రం మొరాయిస్తూ ఉండగా తెరలు మారిస్తే పైన పటారం లోన లొటారం అవుతుంది. పిల్లలతో వచ్చిన కుటుంబం కొత్త తెర చూసి మురిసిపోతుంది. నాలుగో ఫ్రేములో (ఆటలో ఒక్కో వంతును ఫ్రేము అంటారు) బంతి తిరిగి రాకపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కదు. అందుకే నేను గట్టిగా చెప్పే వరుస ఇది: ముందు లెక్క, తర్వాత భద్రత, ఆపైన భవనం, లేన్, పిన్‌సెట్టర్, అన్నిటికంటే చివర తెర.

మొదటి అడుగు: నెల రోజులు చిట్టా రాయండి

యంత్రం వెనక గోడకు ఒక నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు వేలాడదీయండి. ఆట ఆగిన ప్రతిసారీ ఆరు సంగతులు రాయాలి: తేదీ, సమయం, లేన్ నంబరు, ఏది ఆగింది, ఏం చేస్తే కదిలింది, ఎన్ని నిమిషాలు పట్టింది. మెకానిక్ చేతులకు గ్రీజు ఉంటుంది, కాగితం మాసిపోతుంది, పర్వాలేదు. చదవగలిగితే చాలు.

దీంతోపాటు ప్రతి లేన్ మీద నెలలో ఎన్ని ఫ్రేములు ఆడారో స్కోరింగ్ కంప్యూటర్ నుంచి తీసుకోండి. ఆ సంఖ్యను స్టాపుల, అంటే ఆట ఆగిన సార్ల, సంఖ్యతో భాగిస్తే, ఎన్ని ఫ్రేములకు ఒకసారి యంత్రం ఆగుతున్నదో వస్తుంది. ఈ పనిలో ఉన్న మెకానిక్‌లు యంత్రం ఆరోగ్యాన్ని కొలిచేది ఈ లెక్కతోనే. ఉదాహరణకు ఒక లేన్‌లో 3,000 ఫ్రేములు ఆడితే యంత్రం 12 సార్లు ఆగిందనుకోండి. అంటే 250 ఫ్రేములకు ఒక స్టాప్. ఒక ఆటకు 10 ఫ్రేములు కాబట్టి, 25 ఆటలకు ఒకసారి. ఐదుగురు కూర్చుని తలా మూడు ఆటలు ఆడితే మొత్తం 15. అలాంటి జట్లు రెండు వస్తే వాటిలో ఒకదానికైనా ఆట మధ్యలో ఆగిపోయే అవకాశమే ఎక్కువ. సంఖ్యను ఇలా ఆటగాడి వైపు నుంచి చూస్తే, మీ కేంద్రంలో కూర్చున్నవాళ్లు ఏం అనుభవిస్తున్నారో తెలిసిపోతుంది.

చిట్టా ఎందుకింత ముఖ్యమో నాకు ఐదో లేన్ నేర్పింది. ఆ యంత్రం వారంలో తొమ్మిది సార్లు ఆగేది. దాని పని అయిపోయిందని నిశ్చయించుకుని, దాన్ని విడి భాగాలకు వాడుకుందామని కూడా అనుకున్నాను. పుస్తకం తిరగేస్తే ఒక విషయం కనబడింది. తొమ్మిదిలో ఏడు రాత్రి ఎనిమిది తర్వాతే. ఏడింటికీ ఒకటే కారణం రాసి ఉంది: బంతి రాలేదు. మా మెకానిక్ కరెంటు తీసేసి, బంతిని పైకి లేపే బెల్టు మీద తెల్లటి గుడ్డ ముక్కతో ఒక్క తుడుపు తుడిచాడు. గుడ్డ నల్లగా, జిడ్డుగా వచ్చింది. బంతి జారుతూ పోయేందుకు లేన్ మీద నూనె వేసే యంత్రం ఆ లేన్‌లో మోతాదు మించి వేస్తోంది. సాయంత్రం గడిచేకొద్దీ బంతులు ఆ నూనెను వెనక్కి మోసుకుపోతున్నాయి. రాత్రి ఎనిమిదయ్యేసరికి బెల్టుకు పట్టు తప్పుతోంది. బెల్టు కడిగి, బిగువు సరిచేసి, నూనె తగ్గించాం. తర్వాతి వారం ఒక్కటే స్టాప్. తప్పు నూనె యంత్రానిది, శిక్ష పడబోయింది పిన్‌సెట్టర్‌కు.

నెల తర్వాత ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని మూడు రంగుల పెన్సిళ్లతో గుర్తులు పెట్టండి. శుభ్రం చేస్తే పోయేవి ఒక రంగు, చిన్న భాగం మారిస్తే పోయేవి ఒక రంగు, యంత్రం మారిస్తే తప్ప పోనివి ఇంకో రంగు. మొదటి రంగు మీరనుకున్నదానికంటే ఎక్కువే కనబడుతుంది. ఆ పనులన్నీ ముందు చేసేయండి. కొత్త యంత్రాలు తెచ్చినా ఆ జిడ్డు, ఆ దుమ్ము వాటినీ వదలవు.

చవకగా అయ్యే పనులు ముందే ముగించండి

పిన్నులు చూడండి. ప్రామాణిక పిన్ను ఎత్తు 15 అంగుళాలు, బరువు 3 పౌండ్ల 6 ఔన్సుల నుంచి 3 పౌండ్ల 10 ఔన్సుల మధ్య ఉండాలి. లోపల మేపుల్ చెక్క, పైన ప్లాస్టిక్ పూత, అడుగున నైలాన్ అంచు. పూత చిట్లిన పిన్ను యంత్రంలో చిక్కుకుంటుంది, అడుగు అరిగిన పిన్ను సరిగ్గా నిలబడదు. ఒక్కో యంత్రంలో రెండు సెట్లు, అంటే 20 పైచిలుకు పిన్నులు తిరుగుతుంటాయి. మొత్తం సెట్‌ను ఒకేసారి మార్చండి. కొత్తవి పాతవి కలిపి వేస్తే బరువుల తేడాతో ఆట చెడుతుంది.

బంతులు కూడా అంతే. కేంద్రంలో ఉంచే బంతులను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వేళ్ల రంధ్రాల అంచులు తడిమి చూడండి. పెచ్చు లేచినవి, పగులు పట్టినవి పక్కన పెట్టండి. మీరు రేపు వేయబోయే కొత్త లేన్ మీద మొదటి గీత పెట్టేది ఆ పెచ్చు లేచిన బంతే.

రెండో అడుగు: ప్రాణాలకు సంబంధించినవి

ఇక్కడ నేను ఎవరితోనూ రాజీ పడను. పిన్‌సెట్టర్ లోపల చేయి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆగినట్టు కనిపించే యంత్రం నిజానికి ఆగి ఉండకపోవచ్చు. చిక్కుకున్న పిన్నును తీయగానే, అప్పటిదాకా బిగబట్టి ఉన్న స్వీప్ (పడిన పిన్నులను ఊడ్చే కమ్మీ) గానీ టేబుల్ (పిన్నులను పట్టుకుని దించే భాగం) గానీ ఒక్క ఉదుటున కదులుతుంది.

ప్రతి యంత్రానికి విడిగా కరెంటు తీసే స్విచ్ ఉండాలి. దానికి తాళం వేసే వీలుండాలి. తాళం చెవి యంత్రంలో పని చేస్తున్న మనిషి జేబులోనే ఉండాలి, కౌంటర్ దగ్గర కాదు. బెల్టులకు, గొలుసులకు, చక్రాలకు ఉండాల్సిన కవచాలు చాలా పాత కేంద్రాల్లో ఎప్పుడో విప్పేసి మూలన పడేసి ఉంటారు. వాటిని వెతికి బిగించండి. దొరకకపోతే చేయించండి. వెనక నడిచే దారిలో నూనె మరకలు, అడ్డంగా పడి ఉన్న తీగలు ఉండకూడదు. ముందు నుంచి లేన్ మీద నడిచి పిన్నుల దగ్గరికి వెళ్లే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మాన్పించండి. నూనె వేసిన లేన్ మంచుగడ్డలా జారుతుంది.

వైరింగ్‌ను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పాత తీగల మీది రబ్బరు తొడుగు ఎండి, వేలితో వంచితే పొడిగా రాలిపోతుంది. అది కనబడితే కొత్త యంత్రం ఆలోచన కాసేపు పక్కన పెట్టి ముందు వైర్లు మార్చండి. ఇంకొక్క మాట. భవనం పాతదైతే పైకప్పు పలకల్లో, నేల పలకల్లో, పైపుల చుట్టూ చుట్టిన పొరల్లో ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ప్రమాదకరమైన పదార్థం) ఉండవచ్చు. పాత ట్యూబులైట్ల బ్యాలస్టుల్లో పీసీబీలనే విష రసాయనాలు ఉండవచ్చు. పగలగొట్టక ముందే, రంధ్రం వేయక ముందే పరీక్ష చేయించాలి. దుమ్ము లేచాక చేసేదేమీ ఉండదు.

మూడో అడుగు: భవనం

పైకప్పు కారుతుంటే ముందు దాన్ని ఆపించండి. గాలిలో తేమ పెరిగితే చెక్క లేన్ ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఏడాది పొడవునా తేమ, ఉష్ణోగ్రత ఒకే తీరున ఉండేలా చూడకపోతే, లేన్ ఎంత చక్కగా సమం చేసినా రెండు ఋతువులు తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. రాత్రి కేంద్రం మూసేటప్పుడు ఏసీ, హీటర్ పూర్తిగా ఆపేసే అలవాటు చాలామందికి ఉంటుంది. కరెంటు ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది గానీ, ఆ బరువంతా లేన్ మీద పడుతుంది. లేన్ల వద్ద, యంత్రాల వెనక ఒక్కో తేమ మీటరు పెట్టి, చిట్టాలో రోజుకొకసారి ఆ అంకె కూడా రాయించండి.

నాలుగో అడుగు: లేన్

ఇది డబ్బు బాగా పట్టే పని, ఫలితం చాలా కాలం నిలిచే పని. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఫౌల్ లైన్ (బంతి వదిలేటప్పుడు ఆటగాడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. వెడల్పు సుమారు 41.5 అంగుళాలు. పాత చెక్క లేన్‌లో సన్నటి పలకలు 39 పక్కపక్కన ఉంటాయి. అన్నీ ఒకే చెక్క కాదు. బంతి వచ్చి పడే మొదటి 15 అడుగులు, పిన్నులు నిలబడే చోటు గట్టి మేపుల్. మధ్యలో బంతి దొర్లుతూ పోయే భాగం మెత్తటి పైన్. పలకలను అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి పక్క నుంచి మేకులు కొట్టి కలిపారు. అందుకే మేకులు పైకి కనబడవు. లేన్ అరిగినప్పుడల్లా పైపొర గీకించి మళ్లీ పూత వేయిస్తారు. ఇలా ఎన్నోసార్లు గీకాక ఒకరోజు చెక్క మధ్యలో మేకు మెరుస్తూ బయట పడుతుంది. అది కనబడిందంటే ఆ లేన్ ఇక గీకుడుకు పనికిరాదు.

పరీక్ష ఇలా చేయండి. లేన్‌ను పూర్తిగా శుభ్రం చేయించి, నూనె వేయక ముందు మోకాళ్ల మీద కూర్చోండి. ఫౌల్ లైన్ దాటిన తర్వాత ఉండే మొదటి పది పన్నెండు అడుగుల మీద అరచేతితో నెమ్మదిగా నిమరండి. గుంటలు కంటికంటే చేతికే ముందు తెలుస్తాయి. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో అడుగడుక్కీ తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట చిన్నగా, బిగువుగా మోగుతుంది. కింద వదులైన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ చోట్లు సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చివరగా ఒక బంతిని లేన్ నడిమధ్యలో పెట్టి, మెల్లగా తోసి వదలండి. అలా నాలుగైదు సార్లు. ప్రతిసారీ అది ఒకే వైపు వాలిపోతుంటే లేన్ అటు ఒరిగి ఉన్నట్టే.

ఇది మీకు మీరు చేసుకునే పరీక్ష. అసలు కొలత నిపుణులు చేయాలి. అమెరికాలో ఆట నియమాలు చూసే యూఎస్‌బీసీ ప్రమాణం ప్రకారం లేన్ సమతలంలో అనుమతించే తేడా అంగుళంలో వెయ్యో వంతులు 40, అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. 60 అడుగుల పొడవులో మిల్లీమీటరు తేడాను కంటితో పట్టలేం. ఆ కొలతల కాగితం మీ చేతికి వచ్చాకే ఎవరితోనైనా ధర మాట్లాడండి.

చెక్క లోపల బాగుంది, మేకులు కనబడలేదు, గుంటలు లోతుగా లేవు అంటే గీకించి పూత వేయించడంతో ఇంకొన్నేళ్లు గడుస్తాయి. దుమ్ము, పూతలోని రసాయనాలు రెండూ మండే స్వభావం గలవి. ఆ రోజుల్లో లోపల నిప్పు, నిప్పురవ్వ వచ్చే పనిముట్టు ఏదీ ఉండకూడదు. గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి.

పై మేపుల్ అరిగిపోయినా అడుగు గట్టిగా ఉంటే, పాత చెక్క మీదే సింథటిక్ పలకలు పరిపించవచ్చు. రెజిన్‌లో తడిపిన కాగితపు పొరలను వేడితో, ఒత్తిడితో అదిమి చేసే పలకలవి. గీకుడు అవసరం ఉండదు. బంతి దెబ్బకు చెక్కలా తేలిగ్గా గుంట పడదు. చిన్న కేంద్రాలకు నేను ఎక్కువగా సూచించేది ఈ దారే. అయితే ఒక షరతు ఉంది. కింది చెక్క వదులుగా ఉంటే పైన ఎంత మంచి పలక వేసినా లాభం లేదు. ముందు సుద్దతో గుర్తు పెట్టిన డొల్ల చోట్లన్నీ బిగించి, సమం చేసి, ఆ తర్వాతే పలకలు పరచాలి. కింది నిర్మాణమే కుళ్లిపోయి ఉంటే అడుగు నుంచి కొత్తగా కట్టించడం తప్ప మార్గం లేదు.

ఒప్పందం రాసుకునేటప్పుడు చాలామంది మరచిపోయేది ఒకటుంది. పలక వేశాక లేన్ ఎత్తు పెరుగుతుంది. దాంతో ఆటగాడు అడుగులు వేసే అప్రోచ్, పక్కనున్న గటర్లు (దారి తప్పిన బంతి పడే కాలువలు), పిన్నులు నిలబడే చోటు, ఆ పైనున్న యంత్రం టేబుల్, అన్నీ తిరిగి సరిచేయాలి. టేబుల్ ఎత్తు ఏమాత్రం తేడా ఉన్నా పిన్నును పైనుంచి జారవిడిచినట్టు దించుతుంది, అది ఊగి పడిపోతుంది. ఈ సర్దుబాట్లు ఎవరి బాధ్యతో కాగితం మీద ఉండాలి. లేకపోతే లేన్ వేసినవాళ్లు యంత్రం వైపు, యంత్రం చూసేవాళ్లు లేన్ వైపు వేలు చూపిస్తారు, మధ్యలో నలిగేది మీరు.

నూనె వేసే యంత్రం సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. ఒక లేన్ మొత్తానికి పట్టే నూనె సాధారణంగా 20 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే వంటింటి గరిటెతో కొలిచేంత. ఆ కాస్త నూనెను 40 అడుగుల పొడవున, ఎక్కడ మందంగా ఎక్కడ పలచగా ఉండాలో అలా పరచడమే ఆ యంత్రం పని. చివరి 20 అడుగులు పొడిగా ఉంటాయి, బంతి పట్టు దొరికి మలుపు తిరిగేది అక్కడే. పాత యంత్రం వత్తులు ఎండిపోయో, బ్రష్షు అరిగిపోయో నూనెను చారలుగా వేస్తుంటే, కొత్త లేన్ వేసినా ఆట మారదు. లేన్, నూనె యంత్రం రెండిటికీ కలిపి బడ్జెట్ వేసుకోండి.

ఐదో అడుగు: పిన్‌సెట్టర్

ఒకప్పుడు ఈ పని పిన్నుల వెనక గుంటలో కూర్చున్న కుర్రాళ్లు చేతులతో చేసేవారు. ఏఎంఎఫ్ తన స్వయంచాలక యంత్రాన్ని 1946లో బఫెలోలో మొదటిసారి జనానికి చూపించింది. 1950ల్లో అవి కేంద్రాల్లోకి వచ్చాయి. మీ దగ్గర ఉన్నవి ఆ వంశానికి చెందినవే. వాటిని అలుసుగా చూడకండి, అలాగని మమకారంతో పట్టుకుని వేలాడకండి. చిట్టా ఏం చెబుతున్నదో చూడండి.

స్టాపుల్లో ఎక్కువ భాగం ఒకే రకమైన అరుగుదల వల్ల వస్తుంటే, మీకు అనుభవం ఉన్న మెకానిక్ ఉంటే, పాత యంత్రాన్నే బాగు చేయించండి. బెల్టులు, బేరింగులు, బుష్‌లు, స్ప్రింగులు, స్విచ్‌లు, తీగలు వరుసగా మార్చాలి. రిలేలతో నడిచే పాత విద్యుత్ పెట్టె ఉంటే దాని స్థానంలో సర్క్యూట్ బోర్డు ఉన్న కొత్త నియంత్రణ పెట్టె అమర్చవచ్చు. అంతుబట్టని స్టాపులు చాలావరకు దాంతో తగ్గుతాయి. మెకానిక్ విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోనులో ఫొటో తీయాలి, మరలను లేన్ నంబరు రాసిన డబ్బాల్లో వేయాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. మూడు వారాల తర్వాత ఒక స్ప్రింగు చేతిలో మిగిలిపోయినప్పుడు ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

వేరే కేంద్రం మూతపడితే వాళ్ల యంత్రాలు అమ్మకానికి వస్తాయి. మంచి అవకాశమే. కానీ గోదాములో పడి ఉన్నదాన్ని కొనకండి. అక్కడే బిగించి ఉండగా, తిరుగుతుండగా చూడండి. ఒక గంట ఆడించి స్టాపులు లెక్కపెట్టండి. ఆ నమూనాకు విడి భాగాలు ఇంకా తయారవుతున్నాయా, మీ భవనంలో వెనక స్థలం సరిపోతుందా, కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, మీ స్కోరింగ్ వ్యవస్థతో కలుస్తుందా అన్నవి ముందే తేల్చుకోవాలి. వీలైతే రెండు యంత్రాలు అదనంగా కొనండి. వాటిని బిగించడానికి కాదు, విడి భాగాలకు.

ఇక ఈమధ్య అందరూ మాట్లాడుతున్నది తాళ్ల పిన్‌సెట్టర్ గురించి. ప్రతి పిన్ను తలకూ ఒక తాడు కట్టి ఉంటుంది. పిన్ను పడితే తాడు కదలికను బట్టి యంత్రం పసిగడుతుంది, తాళ్లను పైకి లాగి మళ్లీ దించుతుంది. పిన్నులను ఏరుకోవడం, చక్రంతో పైకి ఎత్తడం, వరుసలో పంచడం అనే పనులే ఉండవు. కాబట్టి కదిలే భాగాలు చాలా తక్కువ, కరెంటు తక్కువ, నైపుణ్యం గల మెకానిక్ రోజంతా వెనక నిలబడక్కర్లేదు. తాళ్లు అప్పుడప్పుడు పెనవేసుకుంటాయి. చాలాసార్లు యంత్రమే ఎత్తి దించి విడదీసుకుంటుంది, లేదంటే మనిషి వెళ్లాలి. తాళ్లు అరుగుతాయి, వాటిని వేళకు మార్చాలి.

అయితే ఆట మారుతుంది. పిన్ను పిన్నును కొట్టి, దొర్లుకుంటూ అటు మూలనున్న పిన్నును చివరి క్షణంలో పడేయడం ఈ ఆటలో ఒక పెద్ద ఆనందం. తాడు ఆ దొర్లుడుకు హద్దు గీస్తుంది. కొన్నిసార్లు తాడే పక్క పిన్నును లాగి పడేస్తుంది. శబ్దం కూడా వేరు. యూఎస్‌బీసీ 2023లో తాళ్ల పిన్నుల ఆటకు గుర్తింపు ఇచ్చింది, కానీ మామూలు ఆటతో కలపకుండా విడి వర్గంగా ఉంచింది. రెండిటి స్కోర్లు ఒక్కటి కావని వాళ్ల పరీక్షల్లోనే తేలింది.

అందుకే ఈ నిర్ణయం యంత్రాల గదిలో తీసుకోవద్దు. మీ లీగ్ ఆటగాళ్లను, అంటే వారం వారం జట్లుగా పోటీ ఆడేవాళ్లను, ఒక సాయంత్రం కూర్చోబెట్టి విషయం ఉన్నదున్నట్టు చెప్పండి. మా దగ్గర అలా కూర్చున్నప్పుడు, ముప్ఫై ఏళ్లుగా ప్రతి వారం వచ్చే ఒక పెద్దాయన ఇలా అన్నారు: "తాళ్లు పెడితే నేను రానని అనను బాబూ. కానీ కేంద్రం మూసేస్తే ఎక్కడికి వెళ్లాలి? ఆ రెండిట్లో ఏది దగ్గరలో ఉందో ముందు అది చెప్పు." ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాల్సింది మీరే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుటుంబాలు, పుట్టినరోజు పిల్లలు అయి, మెకానిక్ దొరకడమే గగనమైతే తాళ్ల యంత్రం కేంద్రాన్ని బతికిస్తుంది. లీగ్‌ల మీదే మీ వారం నడుస్తుంటే పాత పద్ధతి యంత్రాలనే బాగు చేయించుకోండి. సగం లేన్లు అలా, సగం ఇలా పెట్టాలనుకుంటే, లీగ్‌కు కావలసినన్ని లేన్లు ఒకే రకంగా ఉండేలా చూసుకోవాలి.

మరో సంగతి. లేన్లు జంటలుగా ఉంటాయి. రెండు లేన్లకు కలిపి ఒకే బంతి తిరుగుదారి. లీగ్‌లో ఆటగాడు ఒక ఫ్రేము ఎడమ లేన్‌లో, మరో ఫ్రేము కుడి లేన్‌లో ఆడతాడు. అందువల్ల ఏ మార్పైనా జంట లెక్కన చేయాలి. ఏడో లేన్ మార్చి ఎనిమిదో లేన్‌ను అలాగే వదిలేయడం ఎప్పుడూ చేయకండి.

ఆరో అడుగు: స్కోరింగ్, తెరలు, దీపాలు

ఇప్పుడు తెరల వంతు. స్కోరింగ్ వ్యవస్థ యంత్రంతో మాట్లాడాలి. కెమెరా గానీ సెన్సార్ గానీ ఎన్ని పిన్నులు నిలబడి ఉన్నాయో చూస్తుంది, స్కోరు వేస్తుంది, యంత్రానికి సంకేతం పంపుతుంది. అందుకే యంత్రం ఏదో తేలకుండా స్కోరింగ్ కొంటే, తర్వాత రెండిటినీ కలపడానికి అదనపు పెట్టెలు కొనాల్సి వస్తుంది. అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: నెలనెలా చందా ఉందా? ఇంటర్నెట్ పోతే ఆట ఆగుతుందా? ఒక కంప్యూటర్ చెడితే ఎన్ని లేన్లు పడిపోతాయి? మూడోదానికి జవాబు రెండు లేన్లకు మించితే ఇంకొకరిని అడగండి.

పిన్నుల మీద పడే పాత ట్యూబులైట్లను ఎల్‌ఈడీలకు మార్చడం సులువు, కరెంటు మిగులుతుంది. మార్చిన రోజే కెమెరా పిన్నులను సరిగ్గా చదువుతున్నదో లేదో ప్రతి లేన్‌లో చూడండి, వెలుతురు మారితే కెమెరా తడబడుతుంది. గటర్‌లోకి బంతి పోకుండా చిన్నపిల్లల కోసం లేచే పక్క కమ్మీలను కూడా ఇప్పుడే పెట్టించండి. పేరు నమోదు చేసిన పిల్లవాడి వంతు రాగానే వాటంతట అవే లేచి, తర్వాత దిగిపోయే రకం దొరుకుతుంది. ఒకే లేన్‌లో తాతా మనవడూ కలిసి ఆడుకోవచ్చు. నాకు ఈ మొత్తం ఖర్చులో అత్యంత ఇష్టమైనది ఇదే.

ఏడో అడుగు: పని జరిగే రోజులు

లీగ్ ముగిసిన వారం మొదలుపెట్టండి. తర్వాతి లీగ్ మొదలయ్యే తేదీకి కనీసం మూడు వారాలు ముందు అంతా అయిపోయేలా లెక్క వేసుకోండి. ఆ మూడు వారాలు సర్దుబాట్లకు పోతాయి, ఎవరు ఎంత గట్టిగా హామీ ఇచ్చినా సరే. ఒక చివర నుంచి జంటలు జంటలుగా చేసుకుంటూ వస్తే సగం కేంద్రాన్ని తెరిచి ఉంచవచ్చు. అయితే గీకుడు పని జరిగే రోజుల్లో మాత్రం మొత్తం మూసేయండి.

చెల్లింపులో చివరి భాగాన్ని యంత్రం పనితీరుకు ముడిపెట్టండి. బిగించిన నెల తర్వాత ఇన్ని ఫ్రేములకు ఒక స్టాప్ మించకూడదని రాసుకోండి. మీ చేతిలో పాత చిట్టా ఉంది కాబట్టి ఆ సంఖ్యను మీరు అంచనాగా కాక, ఆధారంతో అడగగలుగుతారు. బిగించడానికి వచ్చిన నిపుణుల పక్కన మీ మనుషులు ఇద్దరు నిలబడి నేర్చుకోవాలి. ఒక్కరికే నేర్పితే ఆయన సెలవు పెట్టిన రోజే యంత్రం కూడా సెలవు పెడుతుంది. సాధారణంగా అరిగే భాగాల జాబితా అడిగి తీసుకుని, కనీసం ఒక్కో సెట్ అల్మారాలో పెట్టుకోండి.

తీసేసిన పాత లేన్ చెక్కను పారేయకండి. మేపుల్, పైన్ పలకలతో బల్లలు, కౌంటర్లు చేసుకునేవాళ్లు దాన్ని అడిగి మరీ కొంటారు. కోయబోయే వడ్రంగికి మాత్రం లోపల వరుసగా మేకులున్నాయని ముందే చెప్పండి. చెప్పకపోతే రంపపు పళ్లు మొదటి కోతకే పోతాయి. మీరు కూడా ఒక ముక్క ఉంచుకుని కౌంటర్ బల్లగా వేయించండి. ఆ లేన్ మీద ఆడిన పాతవాళ్లు వచ్చి దాన్ని చేత్తో నిమురుతారు, చూస్తారుగా.

పని అయ్యాక

కొత్త లేన్లకు నియమాల ప్రకారం తనిఖీ చేయించి, ధ్రువపత్రం వచ్చాకే లీగ్ ఆటలు మొదలుపెట్టించండి. లేకపోతే అక్కడ సాధించిన స్కోర్లు అధికారికంగా నమోదు కాకపోవచ్చు.

గోడకు వేలాడదీసిన పుస్తకాన్ని తీయకండి. పాతది నిండితే కొత్తది కట్టండి. మొదటి మూడు నెలలు వారానికొకసారి మెకానిక్‌తో కూర్చుని అది చదవండి. కొత్త యంత్రానికీ తొలి రోజుల్లో స్టాపులు ఎక్కువే ఉంటాయి, బెల్టులు సాగుతాయి, మరలు సడలుతాయి. అవి వారం వారం తగ్గుతున్నాయా లేదా అన్నదే చూడాలి. తగ్గకుండా ఒక్క లేన్ మాత్రం మొండికేస్తుంటే, బిగించినవాళ్లకు ఫోను చేసే ముందు ఒక తెల్లటి గుడ్డ ముక్క తీసుకుని, కరెంటు తీసేసి, తాళం వేసి, ఆ బెల్టు ఒకసారి తుడిచి చూడండి.